ఫుట్‌బాల్లో మీ ప్లేసు ఏది? 'ఎక్కడైనా ఆడతానండి' అనే ముందు

స్కూల్ గేమ్స్ జిల్లా సెలక్షన్స్ రోజున మాస్టారు కాగితమూ పెన్నూ పట్టుకుని "ఏ ప్లేసురా నీది?" అని అడుగుతారు. మన గోదావరి డెల్టా కుర్రాళ్ళలో చాలామంది నోట వచ్చే మాట ఒకటే: "ఎక్కడైనా ఆడతానండి." వినడానికి మర్యాదగా ఉంటుంది, పేరు మాత్రం లిస్టులో చివరికి పోతుంది. గ్రౌండు నిండా పిల్లలుంటారు, చూడ్డానికి ఉన్న టైము ఒక్క పూట. ముందు బ్యాకులందర్నీ (వెనక కాపు కాసేవాళ్ళు), తర్వాత హాఫుల్నీ (నడుమ ఆడేవాళ్ళు) వరసగా చూసుకుంటూ పోయే మనిషి ఈ 'ఎక్కడైనా' కుర్రాణ్ణి ఏ వరసలో చూడాలి?

అలాగని ఒక్క ప్లేసునే పట్టుకుని వేలాడేవాడికీ ఇవి రోజులు కావు. ఆట మధ్యలో ఒకడికి మడమ తిరుగుతుంది, ఇంకొకడికి రెడ్ కార్డు పడుతుంది, మరొకడు బస్సు అందక అమలాపురంలోనే ఉండిపోతాడు. అప్పుడు ఉన్నవాళ్ళతోనే సర్దుకోవాలి. అందుకని నేను చెప్పేది ఇది: సొంత ప్లేసు ఒకటి, దానికి పొరుగు ప్లేసు ఒకటి ఉండాలి. ఈ రెంటినీ విడివిడిగా కాకుండా జోడీగా ఎంచుకోవాలి. ఏ జోడీ ఎవరికి కుదురుతుందన్నదే ఇక్కడ చూద్దాం.

ఈ మాట అనగానే కొందరు హాలెండ్‌ని గుర్తుచేస్తారు. 1974 ప్రపంచకప్‌లో రైనస్ మిషెల్స్ శిక్షణలో, యోహాన్ క్రైఫ్ కెప్టెన్సీలో ఆడిన జట్టది. ఎవరైనా ఎక్కడైనా ఆడేవారని, టోటల్ ఫుట్‌బాల్ అంటే అదేనని అంటారు. నిజమే. పశ్చిమ జర్మనీతో ఫైనల్లో ఆట మొదలైన మొదటి నిమిషంలోనే క్రైఫ్, ముందు ఆడే ఫార్వర్డ్ అయ్యుండి, గోలీ తప్ప తన జట్టు మొత్తానికీ వెనక నిలబడి బంతి అందుకున్నాడు. అక్కణ్ణించి దూసుకెళ్ళి పెనాల్టీ సంపాదించాడు. జర్మన్ల కాలికి బంతి తగలకముందే సహచరుడు నీస్కెన్స్ గోలు కొట్టేశాడు. చివరికి 2-1తో జర్మనీయే గెలిచిందనుకోండి, అది వేరే సంగతి. క్రైఫ్ వెనక్కి వస్తే అతను వదిలిన ఖాళీలోకి ఎవరు పోవాలో మిగతావాళ్ళకి ముందే తెలుసు. అందరూ కలిసి చోట్లు మార్చుకుంటే టోటల్ ఫుట్‌బాల్. ఒక్కడే మారితే అది సంతలో తిరగడం.

పక్కనున్నంత మాత్రాన పొరుగు కాదు

బోర్డు మీద చుక్కలు పెట్టి చూస్తే గోలు ముందు నడుమ కాపు కాసే స్టాపర్ పక్కన అంచున ఉండే బ్యాక్, బ్యాక్ ముందు వింగర్ (అంచున ముందుకి ఆడేవాడు), వింగర్ పక్కన ఫార్వర్డ్ కనిపిస్తారు. అన్నీ ఇరుగుపొరుగుల్లాగే ఉంటాయి. ఆటలోకి దిగితే అసలు తేడా చూపులో ఉంటుంది.

గోలీకీ స్టాపర్‌కీ ఆటంతా కళ్ళముందే జరుగుతుంది. బ్యాక్‌కీ వింగర్‌కీ ఒక పక్క తెల్లగీత కాపలా ఉంటుంది, అటునుంచి ఎవడూ రాడు, రెండో పక్క చూసుకుంటే చాలు. నడుమ ఆడే హాఫ్‌కి ఆ సుఖం లేదు, నాలుగు దిక్కుల నుంచీ వచ్చి మీద పడతారు. సెంటర్ ఫార్వర్డ్ చాలాసేపు తను కొట్టాల్సిన గోలుకే వీపు పెట్టి నిలబడాలి, వెనక స్టాపర్ ఊపిరి మెడకి తగులుతూ ఉంటుంది.

కాబట్టి ప్లేసు మారుతున్నప్పుడు వేసుకోవాల్సిన ప్రశ్న 'ఎంత దూరం జరుగుతున్నాను' అని కాదు, 'నా చూపు ఎంత మారుతుంది' అని. బ్యాక్ నుంచి వింగ్‌కి పోతే గీత అదే, పక్క అదే, చూపు పెద్దగా మారదు. స్టాపర్ నుంచి హాఫ్‌కి జరిగేది నాలుగడుగులే, చూపు మాత్రం పూర్తిగా మారిపోతుంది. కొత్త కిక్కులు తొందరగానే అబ్బుతాయి. మెడ తిప్పి చూసే అలవాటు అంత తొందరగా రాదు.

ఇంకో సంగతి. 90 నిమిషాల ఆటలో ఒక్కొక్కరి కాళ్ళ దగ్గర బంతి ఉండేది మహా అయితే రెండు మూడు నిమిషాలు. మిగతా టైమంతా బంతి లేకుండా ఏం చేస్తాడన్నదే మనిషి ప్లేసుని చెబుతుంది. పిల్లవాడి డ్రిబ్లింగు చూసి ప్లేసు తేల్చేసే పెద్దలు ఆ రెండు నిమిషాలే చూస్తున్నట్టు.

గోలీ: ముందు ఇది తేల్చుకోండి

మిగతా పది ప్లేసుల సంగతి తర్వాత. మీరు గోలీయా కాదా అన్నది ముందు తేలాలి, ఎందుకంటే చేతులతో చేసే ఈ పని ఇంకెక్కడా పనికిరాదు. గోలు వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. పధ్నాలుగేళ్ళ పిల్లాడికి అది ఇంటి గోడంత కనిపిస్తుంది.

మన దగ్గర దీనికి ఒక వాటం ఉంది. ఊరూరా వాలీబాల్ ఆడతారు. సాయంత్రం చెరువు గట్టు పక్క కోర్టులో బ్లాక్‌కి ఎగిరేవాడికి గాల్లో బంతి ఎక్కడ దిగుతుందో చెప్పనక్కర్లేదు. అలాంటి పొడుగు కుర్రాళ్ళని ఒక సీజన్ గోల్లో నిలబెట్టి చూడమని మాస్టార్లకి నా మనవి. పైగా ఈ ప్లేసుకి ఎగబడేవాళ్ళు తక్కువ. జట్టులో ఆడేది ఒక్కడే అయినా, పోటీపడేది కూడా ఇద్దరు ముగ్గురే.

కష్టాలూ ఉన్నాయి. ఎండాకాలం నేల గట్టిపడి పగుళ్ళు తేలితే డైవ్ చేసిన ప్రతిసారీ మోచేతులు చెక్కుకుపోతాయి. ధనుర్మాసం తెల్లారగట్ట మంచు పడ్డ గడ్డి మీద బంతి సబ్బుబిళ్ళే, పట్టుకోవడం మాని గుద్ది బయటికి పంపడం నేర్చుకోవాలి. సరుగుడు కర్రలు పాతి పాత చేపల వల కట్టిన గోలుపోస్టులైతే వల ఎటు ఊగిందో చూసి "గోలే", "కాదు" అని గొడవ. అది కూడా గోలీ మీదికే వస్తుంది.

గోలీకి పొరుగు ప్లేసు అక్కర్లేదనుకునే రోజులు 1992లో పోయాయి. సొంత జట్టువాడు కాలితో వెనక్కి ఇచ్చిన బంతిని చేత్తో పట్టకూడదన్న రూలు ఆ ఏడే వచ్చింది. అప్పట్నుంచి గోలీ కూడా కాళ్ళతో ఆడాల్సిందే. 2014 ప్రపంచకప్‌లో అల్జీరియా మీద జర్మనీ గోలీ మాన్యుయెల్ నోయర్ గోలు ముందు గీసిన పెట్టె దాటి బయటికొచ్చి స్టాపర్‌లా బంతులు తన్నేయడం చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పాలా. 2025 నుంచి ఇంకో రూలు తోడైంది. చేతిలో బంతిని 8 సెకన్లు దాటి పట్టుకుంటే అవతలివాళ్ళకి కార్నర్ కిక్ (మూల నుంచి తన్నే అవకాశం) ఇచ్చేస్తారు. అందుకని గోలీ కుర్రాణ్ణి ప్రాక్టీసులో వారానికి ఒకపూటైనా స్టాపర్‌గా ఆడించండి.

దీనికి తిరగేసిన మాట కూడా ఉంది. మిగతా పదిమందిలో ఒకడు గోలీ పని నేర్చి ఉండాలి. 2019లో ఇటలీ క్లబ్బు అటలాంటా మీద ఇంగ్లండ్ క్లబ్బు మాంచెస్టర్ సిటీ గోలీలు ఇద్దరూ ఆటకి దూరమైతే రైట్ బ్యాక్ కైల్ వాకర్ గ్లవ్స్ వేసుకోవాల్సొచ్చింది. అంత డబ్బున్న క్లబ్బుకే తప్పనిది పన్నెండుమందితో బయల్దేరే మన హైస్కూలు జట్టుకి తప్పుతుందా?

బ్యాకా, వింగా?

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే, నేనూ ఇక్కడే ఎక్కువ చెబుతాను. ఈ రెండూ ఆటలోకెల్లా మంచి జోడీ. రెండూ వస్తే ఆ అంచు మొత్తం మీదే.

మన దగ్గర కబడ్డీ తెలియని పిల్లాడు ఉండడు కాబట్టి అటునుంచే చూడండి. కూతకెళ్ళి, కుడికి వంగినట్టు వంగి ఎడమకి జారిపోయేవాడిలో వింగర్ ఉన్నాడు. ఆ ఒళ్ళు ఆడించడం, ఆ చివరి క్షణంలో దిశ మార్చడం బంతితోనూ పనికొస్తాయి. మూల నిలబడి, కూతకొచ్చినవాడు కాలు చాపేదాకా కదలకుండా ఉండి, చాపగానే మడమ పట్టేవాడిలో బ్యాక్ ఉన్నాడు. బ్యాక్‌కి ఉండాల్సిన మొదటి గుణం ఆ ఓపికే. ముందే కాలు వేస్తే వింగర్ దాటిపోతాడు. ఒంటిని కాస్త పక్కకి తిప్పి, మోకాళ్ళు వంచి, మెల్లగా వెనక్కి జరుగుతూ, లోపలికి పోయే దారి మూసి గీత వైపే దారి ఉంచాలి. బంతి అతని కాలికి ఒక అడుగు దూరం పోయిన క్షణంలో కాలు వేయాలి. ఈ ఒక్క పని వచ్చినవాణ్ణి ఏ సెలక్టరూ వదలడు.

తేల్చుకోవడానికి ఒక పూట చాలు. గీత పక్కన నాలుగు ఇటుకలు పెట్టి చిన్న దారిలా చేయండి. ఒకడు దాటాలి, ఇంకొకడు ఆపాలి, తర్వాత తారుమారు. ఎన్నిసార్లు గెలిచాడని లెక్కపెట్టకండి, ఓడినప్పుడు ఏం చేస్తున్నాడో చూడండి. దాటిపోయినవాడి వెనక తలొంచుకుని పరిగెత్తేవాడు బ్యాక్. చేతులు రెండూ చాపి "ఫౌల్ సార్!" అని అరిచేవాడు వింగర్. వింగర్లు కోప్పడకండి, మీరు లేకపోతే చూడ్డానికి ఆటేం ఉండదు.

రెంటిలో ముందు ఏది నేర్వాలంటే నా ఓటు బ్యాక్‌కే. కాపాడ్డం తెలిసినవాడికి అవతలి బ్యాక్ ఎక్కడ తడబడతాడో తెలిసిపోతుంది. వేల్స్ ఆటగాడు గారెత్ బేల్‌ని 2007లో ఇంగ్లండ్ క్లబ్బు టోటెన్‌హామ్ కొన్నది లెఫ్ట్ బ్యాక్‌గానే. 2010లో అతను లెఫ్ట్ వింగర్‌గా మిలాన్ వెళ్ళి అక్కడి ఇంటర్ క్లబ్బు మీద మూడు గోల్స్ కొట్టాడు. ఆ ఆట ఓడిపోయినా, యూరప్ అంతా అతని పేరు చెప్పుకుంది. వింగర్‌గా పెరిగినవాణ్ణి తర్వాత బ్యాక్ చేయడం ఇంత తేలిక కాదు. కాళ్ళకి పని రాక కాదు, మనసు ముందుకే లాగుతుంది. బంతి పోగానే నడక మొదలెడతారు.

చిన్న ఒళ్ళువాళ్ళు దిగులుపడక్కర్లేదు. జర్మనీ ఫిలిప్ లామ్ ఎత్తు 1.70 మీటర్లు. కుడికాలివాడై ఉండి 2006 ప్రపంచకప్‌లో లెఫ్ట్ బ్యాక్ ఆడాడు. టోర్నీ తొలి గోలు అతనిదే: ఎడమ అంచునుంచి లోపలికి కోసుకొచ్చి కుడికాలితో పైమూలకి కొట్టాడు. 2014 ప్రపంచకప్‌లో కెప్టెన్‌గా ముందు నడుమ ఆడి, క్వార్టర్‌ఫైనల్ నుంచి రైట్ బ్యాక్‌కి తిరిగొచ్చాడు, కప్పు ఎత్తాడు. 'ఎక్కడైనా' ఆడిన మనిషే కదా అంటారేమో. అతన్ని ఎవరడిగినా మొదట బ్యాక్ అనే చెబుతారు, మిగతావి దాని మీద కట్టుకున్నవి.

ఎడమకాలి పిల్లలకి ఆలోచనే అక్కర్లేదు. ఎడమకాలివాళ్ళు ఎక్కడైనా తక్కువే. లెఫ్ట్ బ్యాక్, లెఫ్ట్ వింగ్ జోడీ పట్టుకోండి, మీకు తిరుగుండదు. కుడికాలివాళ్ళకి సొంత పక్కన జనం ఎక్కువైతే లామ్‌లా ఎడమకి జరగడం కూడా ఒక తెలివైన దారే. ఇంగ్లండ్ ఆటగాడు జేమ్స్ మిల్నర్ వింగుల్లో, నడుమ ఏళ్ళ తరబడి ఆడి, 2016-17లో లివర్‌పూల్‌కి ఆ సీజనంతా లెఫ్ట్ బ్యాక్ ఆడాడు, అదీ కుడికాలితో.

ఒక లోకల్ హెచ్చరిక: పంటకాలువ గట్టు వైపు ఆడే వింగర్‌కి, బంతి నీళ్ళలో పడితే గట్టు దిగి గుర్రపుడెక్క తప్పించి పట్టుకొచ్చే డ్యూటీ కూడా ఉంటుంది. టాస్ గెలిస్తే చూసి ఎంచుకోండి.

ఈ జోడీకి ఊపిరి కావాలి. పెద్ద స్థాయి ఆటల్లో నడుమ ఆడేవాళ్ళు ఆటకి 10 నుంచి 12 కిలోమీటర్లు తిరుగుతారు. మొత్తం దూరం వాళ్ళదే అయినా, పూర్తి వేగంతో తీసే పరుగులు అంచుల్లో ఆడేవాళ్ళవే ఎక్కువ. మన ఉక్కపోతలో రెండో హాఫ్ మధ్యకి నడుం మీద చేతులు పెట్టేవాడైతే, వింగ్ సొంత ప్లేసుగా పెట్టుకుని బ్యాక్‌ని పొరుగుగా ఉంచుకోవడమే మంచిది. వింగర్‌ని మార్చేసినా జట్టు నిలబడుతుంది, బ్యాక్ ఆగిపోతే గోలే.

స్టాపరా, వెనక హాఫా?

పొడుగుంది, తలతో బంతి కొడతాడు, గొంతు లేస్తుంది అంటే స్టాపర్ అని రాసేస్తారు. మన గ్రౌండ్లలో బంతి ఎక్కువగా గాల్లోనే ఉంటుంది కాబట్టి తలపని నిజంగానే కావాలి. అయినా ఎత్తే సర్వస్వం కాదు. అర్జెంటీనా హాఫ్ హావియెర్ మాస్చెరానో 1.74 మీటర్లే. స్పెయిన్ క్లబ్బు బార్సిలోనా అతన్ని స్టాపర్‌గా వెనక్కి జరిపి 2011 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ గెలిచింది. హాఫ్‌గా ఆడినవాడు కాబట్టి పాసు ఎటు రాబోతోందో ముందే పసిగట్టేవాడు.

ఇక్కడ దారి ఒకవైపే సులువు. హాఫ్ నుంచి స్టాపర్‌కి వస్తే నాలుగు దిక్కులు చూసినవాడికి ఒక దిక్కు చూడ్డం హాయి. స్టాపర్ నుంచి హాఫ్‌కి పోతేనే చిక్కు, వీపు వెనకనుంచి వచ్చేవాణ్ణి చూడ్డం అలవాటుండదు. కాబట్టి మీకు రెండూ సమానంగా అనిపిస్తే హాఫ్‌ని సొంత ప్లేసు చేసుకోండి, స్టాపర్ పొరుగుగా ఉంటుంది.

పరీక్ష ఇది. కుర్రాడికి ముందునుంచి పాసు ఇస్తూ, అతని వెనక ఇంకొకర్ని నిలబెట్టి వేళ్ళు ఎత్తమనండి. బంతి కాలికి చేరకముందే ఎన్ని వేళ్ళో అతను చెప్పాలి. మొదట్లో అందరూ బంతినే చూస్తారు. వారం పది రోజులకి కొందరికి మెడ దానంతటదే తిరగడం మొదలవుతుంది. తిరిగినవాడు హాఫ్, ఎంతకీ తిరగనివాడు స్టాపరే, అందులో నామోషీ ఏం లేదు.

హాఫుల్లోనే ముందుకు ఆడే 'గేమ్ మేకర్' గురించి క్లుప్తంగా. అందరికీ మోజున్న ప్లేసు, మన నేల మీద అందరికన్నా ఎక్కువ తన్నులు తినే ప్లేసు. ఒక్క దాన్నే నమ్ముకోకండి. ఇటలీ ఆండ్రియా పిర్లో అలా మొదలైనవాడే. 2001లో బ్రెషియా క్లబ్బులో ఆ చోట రొబెర్తో బాజ్జో ఉండటంతో కోచ్ అతన్ని డిఫెండర్ల ముందుకి దింపాడు, లోకం మెచ్చిన పిర్లో అక్కడే తయారయ్యాడు. ముందున్న జనం నుంచి తప్పించుకుని వెనక్కొస్తే, పాసు వేయడానికి టైమూ చోటూ దొరుకుతాయి.

సెంటర్ ఫార్వర్డ్: చివర్లో ఆలోచించాల్సినది

"మావోణ్ణి ముందర ఆడించండి మాస్టారూ" అని అడగని తండ్రి ఉండడు. గోలు కొడితే పేపర్లో పేరు పడుతుంది కదా. అందుకే ఈ ప్లేసుకి జనం ఎక్కువ, నిజంగా సరిపోయేవాళ్ళు తక్కువ. గోలుకి వీపు పెట్టి బంతి ఆపి, స్టాపర్‌ని ఒంటితో అడ్డుకుని, వెనకనుంచి వచ్చే సొంతవాడికి అందించగలిగితే ముందుకి రండి. పరుగు మాత్రమే ఉంటే వింగ్‌లో మొదలెట్టి ఫార్వర్డ్‌ని పొరుగుగా పెట్టుకోండి. ఫ్రాన్స్ థియెరీ ఆన్రీ 1999లో ఇంగ్లండ్ క్లబ్బు ఆర్సెనల్‌కి వచ్చేనాటికి ఇటలీలో అంచున ఆడుతున్నవాడు. కోచ్ వెంగర్ లోపలికి జరిపాడు, అక్కడ 228 గోల్స్ కొట్టి క్లబ్బు రికార్డు తనదే చేసుకున్నాడు.

చూపు అంతగా మారినా నెగ్గుకొచ్చినవాడు ఒకడున్నాడు, అదీ మనవాడే. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత జట్టుకి కోచ్ హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయనా బడిలో పాఠాలు చెప్పిన మాస్టారే. జట్టు స్టాపర్ జర్నైల్ సింగ్‌కి థాయ్‌లాండ్ ఆటలో తల పగిలి కుట్లు పడ్డాయి. కట్టుతో స్టాపర్‌గా నిలబెడితే ప్రతి తలబంతీ ప్రమాదమే. రహీం సాబ్ అతన్ని కూర్చోబెట్టలేదు, సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకి పంపాడు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద 3-2 గెలుపులో జర్నైల్ ఒక గోలు కొట్టాడు. సెప్టెంబరు 4న ఫైనల్లో దక్షిణ కొరియా మీద పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి. 2-1తో బంగారు పతకం వచ్చింది.

ఇది చదివి రేపట్నుంచి స్టాపర్లందర్నీ ముందుకి పంపకండి. జర్నైల్ స్టాపర్ కాబట్టి ఎదుటి స్టాపర్ భయాలన్నీ తెలుసు, ఒంటిబలం ఉంది, మిగతా ఫార్వర్డులు గోస్వామి, బలరాం, బెనర్జీ లాంటివాళ్ళు. ఇవన్నీ కలిస్తేనే ఆ ఎత్తు పారింది.

మన నేల ఏమంటుంది

ఇంగ్లండ్ పచ్చిక మీద ఆటలు చూసి ఇక్కడ ప్లేసు ఎంచుకుంటే దెబ్బతింటారు. సార్వా (ఖరీఫ్) రోజుల్లో వానలు పడితే నల్ల బంకమట్టి బంతిని పట్టేసుకుంటుంది. స్టడ్స్ కింద మట్టి పేరుకుని బూటు రెండింతల బరువవుతుంది, హాఫ్‌టైమ్‌లో అందరూ గట్టు మీద కూర్చుని కొబ్బరి మట్ట ముక్కలతో గీక్కోవడమే. ఆ నెలల్లో డ్రిబ్లింగు వింగర్ సగం మనిషి, ఒంటితో బంతి కాచుకునే ఫార్వర్డూ పొడుగ్గా తన్నే స్టాపరూ రాజులు. దాళ్వా (రబీ) కోతలయ్యాక చేలల్లో ఆడితే వరి దుబ్బుల మీద బంతి ఎటు ఎగురుతుందో దానికే తెలియదు, తొలి టచ్ బాగున్న హాఫ్ అక్కడ బయటపడతాడు. లంకల ఇసుకలో, పేరుపాలెం, ఓడలరేవు తీరాల్లో ఆడితే కాళ్ళకి బలం వస్తుంది గానీ, అక్కడి ఆట చూసి ప్లేసు తేల్చకండి, ఇసుక మీద అందరూ నెమ్మదివాళ్ళే.

అందుకే వర్షాకాలం ఒకసారి, వేసవిలో ఒకసారి చూసి గానీ పిల్లవాడి ప్లేసు ఖాయం చేయొద్దంటాను.

సెవెన్స్ టోర్నమెంట్ల సంగతి కూడా ఇదే. ఏడుగురి ఆటలో బ్యాకే వింగర్, హాఫే ఫార్వర్డ్, అంతా కలిసిపోతుంది. తడుముకోకుండా ఆడ్డానికి బాగా పనికొస్తుంది. కానీ అక్కడ ముందర గోల్స్ కొట్టినవాడు పదకొండుమంది ఆటలో, ఆఫ్‌సైడ్ జెండా (అవతలి బ్యాకుల్ని దాటి ముందే నిలబడి బంతి అందుకుంటే లేచేది) లేస్తుంటే, అదే పని చేస్తాడని హామీ లేదు.

ఏ వయసులో ఎంత

పన్నెండేళ్ళ దాకా ప్లేసు మాటే వద్దు, గోలుతో సహా అన్నిచోట్లా తిప్పండి. అండర్-14కి వచ్చేసరికి ఏ చూపు వాడిదో కనబడుతుంది, సొంత ప్లేసు అప్పుడు పెట్టుకోవచ్చు. అండర్-17కి పొరుగు ప్లేసు చేతికి రావాలి. మూడోది అండర్-19లో చూసుకోవచ్చు, లేకపోయినా ఫర్వాలేదు.

అమ్మాయిల జట్లలో లెక్క వేరు. చాలా స్కూళ్ళలో పదకొండుమందిని పోగేయడమే గగనం, ఒకరికి పరీక్ష ఉంటే ఇంకొకరు రెండు పనులు చేయాలి. ఎంచుకునే వీలు లేకుండానే ప్లేసు మీద పడుతుంది. అలాంటి జట్టులో ఉన్న అమ్మాయికి నా సలహా: ఆటల్లో ఎక్కడ పెడితే అక్కడ ఆడండి, ప్రాక్టీసులో మాత్రం ఒక్క ప్లేసుకే టైము ఇవ్వండి. ఖోఖోలో వేగంగా తిరగడం అలవాటైనవాళ్ళు బ్యాక్‌తో మొదలెడితే తొందరగా నిలదొక్కుకుంటారు.

అన్నీ వచ్చినవాడికి ఒక నష్టం ఉంది, దాచడం ఎందుకు. కోచ్‌కి అతను బెంచీ మీద ఉంటేనే ధైర్యం. ఇప్పుడు పెద్ద పోటీల్లో ఐదుగురిని మార్చుకోవచ్చు కాబట్టి ఆ ధైర్యం విలువ ఇంకా పెరిగింది. మొదటి పదకొండులో పేరు కావాలంటే ఒక ప్లేసులో ఊళ్ళో అందరికన్నా బాగుండాలి. పద్దెనిమిదిమంది లిస్టులో పేరు చాలనుకుంటే రెండు ప్లేసుల్లో పర్లేదనిపించుకున్నా సరిపోతుంది. జిల్లా జట్టు దాకా రెండో దారి నడుస్తుంది, రాష్ట్రం దగ్గర మొదటిదే అడుగుతారు.

సెలక్షన్స్ రోజున మాస్టారు అడగ్గానే "లెఫ్ట్ బ్యాకండి, కావాలంటే లెఫ్ట్ వింగ్ కూడా ఆడతానండి" అని ఒక్క ముక్కలో చెప్పండి. మీ చోట ఇంకొకణ్ణి పెట్టి మిమ్మల్ని తెలియని ప్లేసుకి పంపితే మొహం మాడ్చుకోకండి. లోపలికి వెళ్ళేముందు ఒక్క ప్రశ్న అడగండి: "బంతి మన దగ్గర్నుంచి పోతే నేను ఎవర్ని పట్టుకోవాలండి?"